ఫైటరా, ట్రాన్స్‌పోర్టా, హెలికాప్టరా? ఎయిర్‌ఫోర్స్ ట్రైనీ పైలట్‌కి ఏది వస్తుందో ఎలా తేలుతుంది

ప్రశ్న అడిగిన అబ్బాయిది విజయనగరం, బీటెక్ మూడో ఏడు చదువుతున్నాడు. ఆఫ్‌క్యాట్ రాసి ఎయిర్‌ఫోర్స్‌లో పైలట్ కావాలని ఉంది, కానీ ఫైటర్ మాత్రమే కావాలట. "అప్లికేషన్‌లో ఫైటర్ అని రాస్తే ఇస్తారా? ఎవరికి ఏ విమానం అనేది ఎప్పుడు, దేన్ని చూసి తేలుస్తారు? హెలికాప్టర్ ఇస్తే వద్దని చెప్పి వచ్చేయొచ్చా?" అని అడిగాడు.

బాబూ, నీ ఈడు పిల్లాడు మా ఇంట్లో ఉన్నాడు, అందుకే నువ్వు అనే రాస్తున్నాను. నేను ఇరవై ఏళ్లకు పైగా ఎయిర్‌ఫోర్స్‌లో ట్రాన్స్‌పోర్ట్ పైలట్‌ని, అందులో ఎక్కువ భాగం ఏఎన్-32 మీదే గడిచింది. మధ్యలో తాంబరంలో ఇన్‌స్ట్రక్టర్ కోర్సు చేసి, రెండు విడతలుగా హైదరాబాద్ పక్కన దుండిగల్ అకాడమీలో కొత్తగా వచ్చిన పిల్లలకు విమానం నేర్పాను. మొదటి విడత హెచ్‌పీటీ-32 అనే ట్రైనర్ విమానం మీద, రెండోసారి వెళ్లేసరికి దాని స్థానంలో పిలాటస్ వచ్చింది. కాబట్టి నువ్వు అడిగిన విషయాన్ని ట్రైనీగా ఒక వైపు నుంచి, మార్కులు వేసేవాడిగా రెండో వైపు నుంచి చూశాను.

ముందు సూటిగా జవాబు. రాసిచ్చినంత మాత్రాన ఫైటర్ ఇవ్వరు. నీ ఇష్టం అడుగుతారు, అది కాగితం మీద ఉంటుంది, దానికి విలువ కూడా ఉంది. కానీ అకాడమీలో మొదటి దశ ఫ్లైయింగ్ అయిపోయాక నాలుగు విషయాలు కలిపి చూస్తారు: గాల్లో నీ పనితీరు, నీ ఒంటి కొలతలూ మెడికల్, నీ ఇష్టం, ఆ బ్యాచ్ నుంచి ఏ వైపు ఎంతమంది పైలట్లు కావాలి అన్నది. దీన్ని మేం ట్రైఫర్కేషన్ అంటాం, అంటే బ్యాచ్ మూడు దారులుగా చీలడం. ఇందులో అన్నిటికంటే బరువైనది మొదటిది. ఆ మొదటిదాన్నే బయట అందరూ తప్పుగా అర్థం చేసుకుంటారు. నువ్వు ఎంత బాగా నడుపుతున్నావన్న దానికంటే ఎంత త్వరగా నేర్చుకుంటున్నావు, నడుపుతూ ఉండగా నీ బుర్రలో ఇంకా ఎంత ఖాళీ మిగిలి ఉంది, ఈ రెండే మేం ఎక్కువగా చూసేది.

ఇక వివరంగా చెప్తాను.

ఆ చీలిక దాకా వెళ్లాలంటే ముందు రెండు గేట్లు దాటాలి. ఆఫ్‌క్యాట్ రాత పరీక్ష, తర్వాత ఎయిర్‌ఫోర్స్ సెలక్షన్ బోర్డు. మన వైపు వాళ్లకు చాలామందికి మైసూరు పడుతుంది. అక్కడ ఇంటర్వ్యూ, గ్రూప్ టాస్కుల్లో నెగ్గినవాళ్లలో ఫ్లైయింగ్ బ్రాంచి కోరుకున్నవాళ్లకు సీపీఎస్ఎస్ అని కంప్యూటర్ మీద పైలట్ ఆప్టిట్యూడ్ పరీక్ష ఉంటుంది. జాయ్‌స్టిక్, కాళ్ల కింద పెడల్స్, తెర మీద కదిలే గుర్తులు. మా రోజుల్లో దీని స్థానంలో పీఏబీటీ అని ఇంకో పరీక్ష ఉండేది, యంత్రాలు పాతవి, ఉద్దేశం మాత్రం అదే. ఇది జీవితంలో ఒక్కసారే. ఫెయిలైతే మళ్లీ రాయనివ్వరు, ఫ్లైయింగ్ బ్రాంచి తలుపు శాశ్వతంగా మూసుకుంటుంది. దీనికి కోచింగ్ ఇస్తామని డబ్బులు గుంజేవాళ్లు ఉన్నారు, వాళ్ల జోలికి వెళ్లకు. ముందురోజు రాత్రి కడుపునిండా నిద్రపో, ఇన్‌స్ట్రక్షన్లు రెండుసార్లు చదువు, అర్థం కాకపోతే మొహమాటపడకుండా అడుగు. నిద్ర లేక, టెన్షన్‌తో చేతులు బిగుసుకుపోయి పోగొట్టుకున్న పిల్లలను చూస్తే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

తర్వాత మెడికల్. దీన్ని పిల్లలు ఆఖరి ఫార్మాలిటీ అనుకుంటారు, అది కాదు. ఫ్లైయింగ్‌కి కనీస ఎత్తు 162.5 సెంటీమీటర్లు అని అందరికీ తెలుసు. కూర్చున్నప్పటి ఎత్తు 81.5 నుంచి 96 మధ్య, కాలి పొడవు 99 నుంచి 120 మధ్య, తొడ పొడవు 64 దాటకూడదు అని చాలామందికి తెలియదు. ఈ కొలతలు ఎందుకంటే కాక్‌పిట్ నీ కోసం పెరగదు, తగ్గదు. కాలు పొట్టి అయితే రడ్డర్ పెడల్ చివరిదాకా అందదు. తొడ పొడవైతే ఎజెక్షన్ సీటు పైకి లేచే క్షణంలో మోకాలు ముందున్న ప్యానెల్ అంచుకి తగులుతుంది. ఆ సీటు మనిషిని విసిరే విసురుకి అతని బరువుకి పదిహేను ఇరవై రెట్ల భారం వెన్ను మీద పడుతుంది. అందుకే వెన్నెముక ఎక్స్‌రే అంత పట్టుగా చూస్తారు. మామూలు జీవితంలో ఏ నొప్పీ తెలియని చిన్న వంకర కూడా అక్కడ పెద్ద విషయం.

సరే, అన్నీ దాటి దుండిగల్ వచ్చావనుకో.

పిలాటస్‌లో ట్రైనీ ముందు సీట్లో, ఇన్‌స్ట్రక్టర్ వెనక సీట్లో. హెచ్‌పీటీ-32లో ఇద్దరం పక్కపక్కన కూర్చునేవాళ్లం, కుర్రాడి మొహం, చేతులు, చెమట అన్నీ కనిపించేవి. ఆ విమానాన్ని 2009లో మెదక్ జిల్లాలో జరిగిన ప్రమాదంలో ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు చనిపోయాక ఆపేశారు. 2013 మే నెలలో పిలాటస్ వచ్చేదాకా పిల్లలు మొదటి పాఠాలే కిరణ్ జెట్ మీద నేర్చుకోవాల్సి వచ్చింది. పిలాటస్‌లో నాకు కనిపించేది హెల్మెట్ వెనక భాగం ఒక్కటే. మొదట్లో ఇబ్బందిగా అనిపించింది కానీ, కొన్నాళ్లకు ఆ హెల్మెట్టే కుర్రాడి గురించి అన్నీ చెప్పేది. ఎడమకు తిరుగుతుందా, కుడికి తిరుగుతుందా, పైకి చూస్తున్నాడా, లేక తల కిందికి వంచి స్పీడు ముల్లు మీదే కళ్లు అతికించాడా. తల కదలని పిల్లాడికి బుర్రలో చోటు లేదని అర్థం. విమానాన్ని నిలబెట్టుకోడానికే అతని శక్తంతా అయిపోతోంది.

ఇంకోటి కంట్రోల్ స్టిక్. ముందు స్టిక్, వెనక స్టిక్ కలిసే కదులుతాయి. రెండు వేళ్లతో తేలిగ్గా పట్టుకుంటే నాకు వెనక తెలుస్తుంది, పిడికిలి బిగించి ఉడుంపట్టు పట్టినా తెలుస్తుంది. బిగించినవాడి చేతిలో విమానం సన్నగా వణుకుతూ ఉంటుంది, ఎత్తు యాభై అడుగులు పైకీ కిందికీ ఊగుతూ ఉంటుంది. ట్రిమ్ చేసి, అంటే స్టిక్ మీద బలం పెట్టకుండానే నిలకడగా వెళ్లేలా సర్ది, వదిలేస్తే విమానం తనంతట తానే వెళ్తుంది, ఆ నమ్మకం కుదరడానికి కొందరికి నాలుగు సార్టీలు (గాల్లోకి ఒకసారి వెళ్లి వస్తే ఒక సార్టీ), కొందరికి పద్నాలుగు.

నేను చేసే పరీక్ష ఒకటి చెప్తాను. రన్‌వేకి సమాంతరంగా డౌన్‌విండ్‌లో వెళ్తుంటాం. రేడియో కాల్ ఇవ్వాలి, లాండింగ్‌కి ముందు చెక్స్ చదవాలి, ఎత్తు నిలబెట్టాలి, ముందు వెళ్తున్న విమానాన్ని కంట్లో పెట్టుకోవాలి. సరిగ్గా అప్పుడు వెనక నుంచి అడుగుతాను: "ఇప్పుడు ఇంజిన్ ఆగిపోతే ఎక్కడ దింపుతావ్?" ఒకడు టక్కున "కుడివైపు ఆ దున్నిన పొలంలో సార్, గాలి ఎదురుంటుంది" అంటాడు, ఎత్తు పది అడుగులు కూడా జారదు. ఇంకొకడు జవాబు వెతుక్కుంటాడు, ఈలోపు రెండు వందల అడుగులు పోతాయి, రేడియో కాల్ మర్చిపోతాడు. రెండోవాడు తెలివితక్కువవాడు అనుకునేవు. నేలమీద క్లాసులో వాడే ఫస్టు కావచ్చు. కానీ ఫైటర్‌లో ఇదే ప్రశ్న అంతకు మూడు నాలుగు రెట్ల వేగంలో, ఒంటిమీద ఆరేడు జీల బరువుతో, అంటే మామూలు బరువుకి ఆరేడు రెట్లతో, వెనక ఎవరూ లేకుండా వస్తుంది. అందుకే బుర్రలో ఖాళీ అని అంత నొక్కి చెప్పాను.

మొదటి దశలో ఉండేవి ఇవి: మామూలు ఫ్లైయింగ్, సర్క్యూట్లు (రన్‌వే చుట్టూ తిరిగి దిగడం), స్టాల్ (రెక్కలకు పట్టు పోవడం), స్పిన్ (గిరగిరా తిరుగుతూ పడటం) నుంచి బయటపడటం, సోలో (ఒంటరిగా నడపడం), ఏరోబాటిక్స్ (గాల్లో విన్యాసాలు), అద్దాల బయటకు చూడకుండా కేవలం మీటర్లు చూసి నడపడం, మ్యాప్ పట్టుకుని దారి కనుక్కోవడం, ఫార్మేషన్ (విమానాలు దగ్గరదగ్గరగా కలిసి ఎగరడం). ప్రతి సార్టీకీ మార్కులు ఉంటాయి, మధ్యమధ్య వేరే ఇన్‌స్ట్రక్టర్‌తో టెస్టులు ఉంటాయి. ఇది చాలా ముఖ్యం: ఒక్క ఇన్‌స్ట్రక్టర్‌కి నువ్వు నచ్చినా నచ్చకపోయినా ఫలితం దాని మీద తేలదు, నీ ఫైలులో ఆరేడుగురి చేతిరాత ఉంటుంది. సిఫార్సు గురించి నువ్వు అడగలేదు కానీ ప్రతివాళ్ల మనసులో ఉంటుంది కాబట్టి చెప్తున్నా. నేను నేర్పిన రోజుల్లో పెద్ద ఆఫీసర్ల పిల్లలు హెలికాప్టర్‌కి వెళ్లారు, జీవితంలో మొదటిసారి విమానాన్ని దగ్గరగా అకాడమీలోనే చూసిన రైతు పిల్లలు ఫైటర్‌కి వెళ్లారు.

ఇప్పుడు త్వరగా నేర్చుకోవడం గురించి. ఇద్దరి సంగతి చెప్తాను, పేర్లు ఎందుకులే.

మొదటివాడు పుట్టుకతో పైలట్ అనిపించేవాడు. మూడో సార్టీకే లూప్ చూపిస్తే దాదాపు సరిగ్గా తిప్పాడు, మెస్‌లో అందరూ వాడు ఫైటర్ ఖాయం అనేవాళ్లు. కానీ ఇరవయ్యో సార్టీలో కూడా ఫైనల్స్‌లో, అంటే రన్‌వేకి ఎదురుగా దిగడానికి వచ్చే ఆఖరి భాగంలో, అదే ఐదు నాట్ల ఎక్కువ స్పీడు, ఫార్మేషన్‌లో అదే ఆలస్యం. దిగాక తప్పొప్పులు చెప్పే డిబ్రీఫ్‌లో తల ఊపేవాడు, నోట్ చేసుకునేవాడు కాదు. రెండోవాడు మొదటి ఎనిమిది సార్టీలు వాంతి చేసుకున్నాడు. జేబులో పాలిథిన్ కవర్ పెట్టుకుని వచ్చేవాడు, దిగాక తనే తీసుకెళ్లి పారేసి, చేతులు కడుక్కుని, డిబ్రీఫ్‌కి నోట్‌బుక్ తెరిచి కూర్చునేవాడు. సోలో కూడా బ్యాచ్‌లో చివరి కొద్దిమందిలో వెళ్లాడు. కానీ ఒకసారి చెప్పిన తప్పు వాడి దగ్గర రెండోసారి చూడలేదు నేను. వాడి గ్రాఫ్ గీస్తే మొదట నేల మీద పాకి, తర్వాత నిటారుగా లేచింది. చీలిక రోజున రెండోవాడికి ఫైటర్ వచ్చింది, మొదటివాడికి ట్రాన్స్‌పోర్ట్. ఎందుకంటే ముందున్న జెట్లు ఇంకా వేగం, సిలబస్ ఇంకా ఇరుకు, ఒక పాఠానికి కేటాయించిన సార్టీల్లోనే అది రావాలి. ఇవాళ్టి నీ స్థాయి కంటే రేపటికి ఎంత ఎక్కగలవన్నదే అక్కడ లెక్క. మొదటివాడు తర్వాత చాలా మంచి ట్రాన్స్‌పోర్ట్ కెప్టెన్ అయ్యాడు, అది కూడా చెప్పాలి. కాస్త నిదానంగా పండే రకం అతను.

మెరిట్‌లో టాప్ వచ్చినవాళ్లంతా ఫైటర్‌కే వెళ్తారు అన్నది కూడా పూర్తి నిజం కాదు. హెలికాప్టర్‌కి, ట్రాన్స్‌పోర్ట్‌కి కూడా మంచివాళ్లు కావాలి, వాళ్లలోంచే రేపటి ఇన్‌స్ట్రక్టర్లు, టెస్ట్ పైలట్లు రావాలి. పైగా కోరి వెళ్లేవాళ్లుంటారు. మా దగ్గర ఒక కోనసీమ కుర్రాడు ఉండేవాడు, ఏ లెక్కన చూసినా ఫైటర్ వచ్చే మార్కులు. మొదటి ఛాయిస్ హెలికాప్టర్ అని రాశాడు. పిలిచి అడిగాను, ఏమయ్యా తప్పు రాశావా అని. 1996 నవంబర్ తుపానులో వాళ్ల ఊరు మునిగి, కొబ్బరిచెట్లన్నీ నేలకొరిగి, రెండు రోజులు డాబా మీద ఉన్నారట. మూడోరోజు హెలికాప్టర్ నుంచి పడిన అటుకుల పొట్లం తడిసిపోకుండా వాళ్ల నాన్నమ్మ చీర కొంగు పట్టింది, "అప్పుడే అనుకున్నా సార్" అన్నాడు. నేను మళ్లీ ఆ విషయం ఎత్తలేదు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు టీవీలో హెలికాప్టర్లు ఆహారం పొట్లాలు వదులుతుంటే వాడే గుర్తొచ్చాడు.

ఇక నీ చేతిలో లేనిది, ఖాళీల లెక్క. దీన్ని ఎవరూ పిల్లలకు విడమరిచి చెప్పరు. ఫైటర్ సీట్లు ఫైటర్ విమానాల సంఖ్యను బట్టి ఉంటాయి. మన ఎయిర్‌ఫోర్స్‌కి మంజూరైన ఫైటర్ స్క్వాడ్రన్లు 42. 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో చివరి మిగ్-21లకు వీడ్కోలు పలికాక మిగిలినవి 29. తేజస్‌లు చేతికొచ్చే కొద్దీ ఆ సంఖ్య పెరగాలి. మరోవైపు హెలికాప్టర్ కాక్‌పిట్‌లోనూ ట్రాన్స్‌పోర్ట్ కాక్‌పిట్‌లోనూ ఇద్దరేసి పైలట్లు కావాలి, సీ-295 అనే కొత్త ట్రాన్స్‌పోర్ట్ విమానాలే 56 వస్తున్నాయి. ఒక బ్యాచ్‌లో ఫైటర్ వచ్చే ర్యాంకుకి ఇంకో బ్యాచ్‌లో రాకపోవచ్చు. ఇందులో నీ తప్పూ లేదు, గొప్పా లేదు. వంద మార్కులకు కటాఫ్ ఎంత అని అడిగేవాళ్లకు నేను జవాబు చెప్పలేకపోవడానికి ఇదే కారణం.

చీలాక ఎవరు ఎటు వెళ్తారంటే, ఫైటర్ వాళ్లు హకీంపేటలో కిరణ్ జెట్ మీదికి. హెలికాప్టర్ వాళ్లు కూడా హకీంపేటే, అక్కడి హెలికాప్టర్ ట్రైనింగ్ స్కూల్లో చేతక్. ట్రాన్స్‌పోర్ట్ వాళ్లు డోర్నియర్ 228. ఆ దశ పూర్తయ్యాక అందరూ మళ్లీ దుండిగల్‌లో కలుస్తారు, పరేడ్‌లో ఛాతీ మీద పైలట్ బ్యాడ్జి, అంటే వింగ్స్, పడతాయి, ఆఫీసర్లవుతారు. తర్వాత ఫైటర్ వాళ్లు బీదర్‌లో హాక్ జెట్ మీద ఇంకో గట్టి విడత. ఇక్కడ ఒక విషయం చెవిన వేసుకో: హాక్ దాకా వెళ్లాక కూడా అక్కడి వేగం అందుకోలేకపోతే ట్రాన్స్‌పోర్ట్‌కో హెలికాప్టర్‌కో మారుస్తారు. దుండిగల్‌లో వచ్చిన ఫైటర్ ముద్ర చెరగనిదేం కాదు. హాక్ దాటినవాళ్లు సుఖోయ్, జాగ్వార్, తేజస్ లాంటి వాటికి వెళ్తారు, అది కూడా మళ్లీ అవసరం, పనితీరు బట్టే.

ఈ హాక్ ఎందుకొచ్చిందో తెలిస్తే మేం ఎందుకంత కఠినంగా ఉంటామో నీకు అర్థమవుతుంది. ఒకప్పుడు నెమ్మది ట్రైనర్లు దిగి కుర్రాళ్లు దాదాపు నేరుగా మిగ్-21 ఎక్కేవాళ్లు. అది గంటకు మూడు వందల కిలోమీటర్లు దాటిన వేగంతో నేలకు దిగే విమానం. మధ్యలో మెట్టు లేదు. ఫైటర్ ప్రమాదాల మీద వేసిన లాఫాంటేన్ కమిటీ 1982లోనే అడ్వాన్స్‌డ్ జెట్ ట్రైనర్ కావాలని చెప్పింది, 66 హాక్‌ల ఒప్పందం మీద సంతకం పడింది 2004లో, బీదర్‌కి వచ్చింది 2008లో. ఆ మధ్య కాలం మాది. మా బ్యాచ్ నుంచి ఫైటర్‌కి వెళ్లినవాళ్లలో ఇద్దరు తిరిగి రాలేదు. ఒకడి పెళ్లికి ఇంకా మూడు వారాలు. వాళ్ల నాన్నగారికి ఇప్పటికీ ఏటా ఆ తేదీన ఫోన్ చేస్తాను. అందుకే ఒక కుర్రాడి ఫైలు ముందు పెట్టుకుని "వీడి కోరిక ఫైటర్, కానీ ఇంకా చోటు సరిపోవట్లేదు" అని రాయాల్సి వచ్చినప్పుడు నా చెయ్యి వణకలేదు. బాధ ఉండేది, సందేహం ఉండేది కాదు.

హెలికాప్టర్ అంటే నీ ప్రశ్నలో కాస్త చిన్నచూపు కనిపించింది. చేతక్‌ని గాల్లో ఒకేచోట నిలబెట్టి చూడు ఒకసారి. ఎడమ చేత్తో కలెక్టివ్, అంటే పైకి లేపే లివర్, లాగితే ముక్కు తిరిగిపోతుంది, దాన్ని కాలితో సరిచేస్తే పక్కకి జారుతుంది, జారుడుని కుడి చేత్తో ఆపితే ఎత్తు పోతుంది, మళ్లీ మొదటికి. అందుకే మొదట్లో ఇన్‌స్ట్రక్టర్ ఒక్కో కంట్రోల్ విడిగా ఇస్తాడు, మూడూ ఒకేసారి చేతికిస్తే యంత్రం మైదానమంతా తాగినవాడిలా తిరుగుతుంది. అలాంటి చేయి కుదిరినవాళ్లే సియాచిన్‌లో చిన్న మంచు దిబ్బ మీద చీతా హెలికాప్టర్‌ని దింపుతున్నారు, 2013లో కేదార్‌నాథ్ లోయలోంచి జనాన్ని తెచ్చారు. అపాచీ, చినూక్, ప్రచండ్ నడిపేది కూడా ఈ దారిలో వెళ్లినవాళ్లే.

నాది ట్రాన్స్‌పోర్ట్ కాబట్టి దాని గురించి ఎక్కువ చెప్తే పక్షపాతం అంటావేమో, అయినా చెప్తాను. నాకూ మిగ్ కావాలనే ఉండేది. లిస్టులో పేరు ఎదురుగా ట్రాన్స్‌పోర్ట్ అని చూసిన రాత్రి మెస్‌లో అన్నం కలుపుకుని అలాగే వదిలేశాను. ఎస్‌టీడీ బూత్ నుంచి అనంతపురం పక్కన మా ఊరికి, పోస్టాఫీసు పక్కింటి ఫోన్‌కి చేసి అమ్మని పిలిపించి చెప్పాను. "విమానమే కదా నాయనా, నడిపేది నువ్వే కదా?" అంది. అప్పుడు కోపం వచ్చింది, ఆమెకి అర్థం కాలేదని. రెండేళ్లకి చండీగఢ్ నుంచి తెల్లారకముందే లేచి, మబ్బుల మీద కొండల శిఖరాలు ఒక్కొక్కటే ఎర్రబడుతుంటే, వెనక సైనికులు, కిరోసిన్ పీపాలు, ఉత్తరాల సంచులతో లేహ్‌లో దిగిన మొదటి ఉదయం ఆ కోపం పోయింది. పది వేల ఆరొందల అడుగుల ఎత్తున్న రన్‌వే, చుట్టూ గోడల్లా కొండలు, మధ్యాహ్నం అయితే గాలి లేస్తుంది, కాబట్టి పొద్దున్నే పని ముగించుకుని రావాలి. 2008 మే 31న 43 ఏళ్ల తర్వాత లద్దాఖ్ సరిహద్దులోని దౌలత్ బేగ్ ఓల్డీలో, పదహారు వేల అడుగులు దాటిన మట్టి స్ట్రిప్ మీద మళ్లీ దిగిన విమానం మా ఏఎన్-32నే. 2023లో సూడాన్‌లో లైట్లు లేని రన్‌వే మీద రాత్రిపూట దిగి మనవాళ్లను తెచ్చిన సీ-130 నడిపినవాళ్లూ ఈ స్ట్రీమ్ వాళ్లే.

అమ్మాయిల గురించి ఇంకెవరైనా చదువుతుంటారని రాస్తున్నా. 2016 జూన్ 18న దుండిగల్‌లోనే అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ మొదటి మహిళా ఫైటర్ పైలట్లుగా వింగ్స్ అందుకున్నారు. అంతకుముందు 1990ల నుంచీ ట్రాన్స్‌పోర్ట్, హెలికాప్టర్‌లో అమ్మాయిలు ఉన్నారు. స్టిక్ ఎవరు పట్టుకున్నారో విమానానికి తెలియదు, మార్కుల షీటు కూడా ఒకటే.

"వద్దని వచ్చేయొచ్చా" అన్న ప్రశ్నకి వస్తాను. కమిషన్‌కి ముందు, అంటే ఆఫీసర్‌వి కాకముందే, నీ ఇష్టంతో వెళ్లిపోతే ట్రైనింగ్ ఖర్చు కట్టాలి, దాని మీద ముందే బాండ్ రాయించుకుంటారు. అది లక్షల్లో మాట. డబ్బు సంగతి పక్కన పెట్టినా, మళ్లీ ఫ్లైయింగ్ బ్రాంచికి తిరిగి వచ్చే దారి ఉండదు. ఫ్లైయింగ్‌లో నిలవలేక ఆపేసినవాళ్ల సంగతి వేరు, ఖాళీలు, అర్హతలు బట్టి వాళ్లలో కొందరికి వేరే బ్రాంచి దొరుకుతుంది. కాబట్టి నిజాయితీగా అడుగుతున్నా: ఫైటర్ రాకపోతే ఈ జీవితమే వద్దు అనుకుంటే ఇప్పుడే ఆలోచించుకో. దుండిగల్ గేటు లోపలికి వచ్చాక ఆ ఆలోచన మొదలైతే నీ సీటు ఇంకొక పిల్లాడికి దక్కకుండా పోతుంది.

ఇప్పటినుంచి ఏం చేయొచ్చు? కంప్యూటర్ గేముల్లో ఫైటర్ నడిపితే మంచిదా అని చాలామంది అడుగుతారు. చెడుపు లేదు, కానీ దానివల్ల వచ్చిన అలవాటు ఒకటి వదిలించడానికి నాకు తల ప్రాణం తోకకొచ్చేది: తెర మీద కళ్లు పెట్టి బయటికి చూడకపోవడం. ఫ్లైయింగ్ క్లబ్‌లో గంటలు కొనుక్కుని వచ్చిన పిల్లలు కూడా మొదటి పది సార్టీలే ముందుంటారు, తర్వాత అందరూ సమానం. పనికొచ్చేది కుర్చీ ఫ్లైయింగ్. మా పిల్లలు గదిలో గోడకి కాక్‌పిట్ బొమ్మ అతికించి, కుర్చీ వేసుకుని, చేతిలో బాత్రూం బ్రష్షో ప్లంజరో స్టిక్‌లా పట్టుకుని, కళ్లు మూసుకుని రేపటి సార్టీ మొత్తం నోటితో చెప్తూ నడిపేవాళ్లు. స్విచ్ ఎక్కడుంది, రేడియోలో ఏం చెప్పాలి, మలుపులో ఏం చూడాలి. కాగితం మీద పాఠం వంద సార్లు చదివినవాడికంటే ఇలా పది సార్లు చేసినవాడు గాల్లో నిమ్మళంగా ఉంటాడు. చెక్స్ నాలుక మీద ఉంటేనే బుర్రలో ఆ ఖాళీ పుడుతుంది.

తెలుగు మీడియం భయం ఉంటే వదిలెయ్. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియమే. రేడియోలో మాట్లాడే ఇంగ్లీష్ వంద వాక్యాలు దాటదు, కానీ అవి తడబడకుండా, గాబరా లేని గొంతుతో రావాలి. నేను హాస్టల్ నీళ్ల ట్యాంకు వెనక నిలబడి గట్టిగా చదివి నేర్చుకున్నాను.

ఒకవేళ కళ్లో కొలతో కుదరక పైలట్ దారి మూసుకుపోతే 2022లో ప్రకటించిన వెపన్ సిస్టమ్స్ బ్రాంచి ఉంది. రెండు సీట్ల ఫైటర్‌లో వెనక కూర్చుని ఆయుధాలు చూసుకునేవాళ్లు, డ్రోన్లు, క్షిపణులు నడిపేవాళ్లు అందులోకి వస్తారు, దాని స్కూలు 2024లో బేగంపేటలో పెట్టారు. దాని మెడికల్ నిబంధనలు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకో.

నువ్వు ముందు చేయాల్సిన పని చిన్నది. విజయనగరంలోనో విశాఖలోనో మంచి కళ్ల డాక్టర్ దగ్గర పూర్తి పరీక్ష చేయించుకో, రంగులు గుర్తుపట్టే పరీక్షతో సహా. ఎముకల డాక్టర్‌కి చెప్పి వెన్ను మొత్తానికి ఎక్స్‌రే తీయించు. టేపు తెచ్చి గోడకి ఆనుకుని కూర్చుని, నేల నుంచి నడినెత్తి దాకా మీ నాన్నగారితో కొలిపించు, తర్వాత తొడ, కాలు. ఆ నంబర్లు కింద రాస్తే చూసి చెప్తాను.